నా పర్మనెంటు కోసం మా అత్త ఏడ్చిన ఏడుపు

నేను పోయానని మీ చెవిన పడితే నమ్మకండి. మొన్న బుధవారం ఓ ఇరవై నిమిషాలు పోయిన మాట మాత్రం నిజం. ముందు చాయ్ తాగండి, చెప్తాను.

నా లెక్చరర్ ఉద్యోగం ఇంకా టెంపరరీయే కదా. పర్మనెంటు చేయాలా వద్దా తేల్చడానికి హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు, ఆయన ముందు ఏదో ఒక డెమాన్‌స్ట్రేషన్ చేసి చూపించాలి. అందరూ కప్పను కోస్తారు. నేనెందుకు కోస్తాను! మన కన్నీళ్లలో లైసోజైమ్ అని ఒక ఎంజైము ఉంది. సూక్ష్మజీవుల చుట్టూ గోడలాంటి పొర ఉంటే, దాన్ని ఇది కరిగించేస్తుంది. సూక్ష్మజీవులతో బియ్యం కడిగిన నీళ్లలా మసకబారిన ట్యూబులో నాలుగు కన్నీటి చుక్కలు వేశామా, కాసేపట్లో నీళ్లు తేటపడిపోతాయి. చూసినవాళ్లు నోరు తెరవాల్సిందే.

సూక్ష్మజీవుల్ని హైదరాబాదులో ఉన్న దోస్తు పంపించాడు. కన్నీళ్లే దొరకలేదు! నాలుగు ఉల్లిగడ్డలు కోశాను. ముక్కు కారింది గానీ కన్ను కారలేదు. మా ఆవిడను బతిమాలాను.

"మీ కాలేజిల నేను ఏడిస్తె, మీరు కొట్టిన్రనుకుంటరు," అని తప్పించుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త నర్సవ్వ. బోధన్ దగ్గర చెరుకు తోటల ఊరు ఆమెది. చుట్టుపక్కల ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు. పోయినవాళ్ల గుణాలన్నీ చెప్పి రాగం తీసి ఏడ్చిందంటే పీనుగు లేచి కూర్చుంటుందని ఊళ్లో అంటారు. ఆదివారం పోయి, "నా నౌకరి నీ చేతిలనే ఉందత్తా" అని బస్సెక్కించి, టౌనుకు, కంఠేశ్వర్‌లో మా ఇంటికి తీసుకొచ్చాను. మిగతాది చెప్పలేదు. అక్కడే తప్పు చేశాను.

బుధవారం ఇన్‌స్పెక్టరుగారు రైలు దిగి, కోటు మీద బొగ్గు మసి దులుపుకుంటూ ల్యాబ్‌లో కూర్చున్నారు. అత్త వచ్చి నాలుగు మూలలా చూసింది.

"పీనుగేది బిడ్డా?"

"పీనుగు లేదత్తా. ఉత్తగనే ఏడువు."

"ఉత్తగ ఎట్లేడుస్తరు? ఎవలన్న సావొద్దా?"

ఇన్‌స్పెక్టరుగారు వాచీ చూసుకున్నారు. నా పర్మనెంటు కళ్లముందే కరిగిపోతోంది. "నేనే పోయిననుకో," అన్నాను.

"థూ! నోరు మంచిగ పెట్టు!" అని నెత్తి మీద ఒకటేసింది. కాసేపు ఆలోచించి, "నౌకరి దీనితోనే ఉందా?" అని అడిగింది.

"దీనితోనే."

"అయితె పండు."

పండుకున్నాను! తెల్లకోటు వేసుకుని, ల్యాబ్ బల్ల మీద, నలభై మంది స్టూడెంట్ల ముందు! ఇన్‌స్పెక్టరుగారే లేచొచ్చి ఖాళీ ట్యూబు తీసుకుని అత్త చెంపకు ఆనించారు. అత్త రాగం ఎత్తుకుంది.

"ఓ నా అల్లుడా... పదేండ్లదాక పక్క తడిపితివి గదరా అల్లుడా..."

వెనక బెంచీలు పగలబడి నవ్వాయి. చచ్చినవాణ్ణి, నేనేం అనగలను!

"జెరమొస్తె నిన్ను సంకనేసుకోని నిజాంసాగర్ కాలువ గట్టు పొంటి దవఖానకు ఉరికితి గదరా... సెరుకుగడ మెత్తటిది నీకు పెట్టి గట్టి కనుపులు నేను నమిలితి గదరా..."

నవ్వులు ఆగాయి.

"బస్సెక్కితె పూట దూరం లేదు నా ఇల్లు... మూడేండ్లకు నా గడప తొక్కితివా, అది గూడ నా ఏడుపు కోసమే వస్తివా అల్లుడా..."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాకు సిగ్గేసింది.

"ఏమయ్యా, ఈమె కంట్లో చుక్క లేదే!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

అత్త రాగం ఆపి, తాపీగా చెప్పింది. "బతికే ఉన్నడు గద సారూ. గొంతు అబద్ధమాడుతది గని, కండ్లెట్ల ఆడుతయ్?"

ఆయన ఒకసారి నా మొహం చూసి, ట్యూబు నా చెంప కిందికి మార్చారు. అప్పటికే కన్నీళ్లు నా చెవుల్లోకి కారుతున్నాయి. నాలుగు చుక్కలు చాలు, నలభై వచ్చాయి! మసక నీళ్లలో వేసి గోరువెచ్చగా ఉంచితే, కాసేపటికి ట్యూబు వెనక పెట్టిన అక్షరాలు చదువుకునేంత తేటపడింది. "భేష్! పర్మనెంటుకు రాస్తాను," అన్నారాయన, ముక్కు తుడుచుకుంటూ.

సాయంత్రం అత్తను బస్సెక్కించి, "వచ్చే నెల నేనే వస్తనత్తా, ఏడుపు కోసం కాదు," అన్నాను. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సంతా వినేటట్టు అంది:

"నలభై ఏండ్ల సంది ఏడుస్తున్న బిడ్డా, ఎన్ని పీనుగులను జూసిన్నో! పీనుగే ఏడ్సుడు మాత్రం నీ దగ్గర్నే జూసిన!"

బస్సులో అందరూ నా వైపు తిరిగారు. నేను పోతే కన్నీళ్లు పెట్టుకున్నవాణ్ణి చివరికి నేనొక్కణ్ణే.