వెనక గదిలో ఊపిరి

చనిపోయిన మనిషి ఒకడు, నేను వేసిన ఒక లెక్క వల్ల, పట్టపగలు తిరిగొచ్చాడు. కనీసం మా గని క్వార్టర్లలో సగం మంది అలాగే నమ్మారు. అందరికంటే ముందు నమ్మి అరిచింది నేనే కాబట్టి, నవ్వదలచుకుంటే ముందు నన్ను చూసి నవ్వండి.

అవి అన్నీ మారిపోతున్న రోజులు. నేను పుట్టిన రాజురా ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండానే హైదరాబాదు రాష్ట్రంలోంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది. అంగట్లో సేరు పోయి కిలో వచ్చింది. చాందా బొగ్గు గని క్వార్టర్లకు కొత్త కోడలిగా వచ్చిన నాకు ఈ గందరగోళమంతా పండగే. ఏడో తరగతి చదివినదాన్ని కదా! చింతపండు తేవాలన్నా, కందిపప్పు తేవాలన్నా ఆడవాళ్ళు ముందు నా గడప తొక్కేవారు. పక్కింటి శాంతాబాయి నాకు ‘కిలోవాలీ’ అని పేరు పెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా జానెడు ఎత్తు పెరిగేదాన్ని.

ఆ ఎండాకాలం మా అత్తమ్మకు జ్వరమొచ్చి తగ్గింది. పాలలో డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, నానబెట్టి పెట్టమన్నాడు డాక్టరు. చూస్తే బజార్లో రొట్టెల దుకాణానికి తాళం. దుకాణదారు పెళ్ళికని ఊరెళ్ళాడట. మేనేజరు బంగళాలో వంట చేసే అంతోని దారిలో కనిపిస్తే ఆపి అడిగాను.

“ఇంట్లనే చేసుకోవచ్చమ్మా. రెండు పౌండ్ల మైదా, రెండు ఔన్సుల కల్లు. కల్లు పోస్తే పిండి పొంగుతది. పొంగినంక గంజుల ఇసుక పోసి కాల్చుడే.”

“పౌండంటే ఎంతన్నా?”

“అద్దసేరు అనుకో.”

ఇక్కడ ఏ బుద్ధిమంతురాలైనా ‘మరి ఔన్సంటే ఎంత?’ అని అడుగుతుంది. నేను అడగలేదు. కిలోవాలీ ఒకే మనిషిని రెండు ప్రశ్నలు అడగడమా? నా పరువేం కాను? దారి పొడవునా నేనే ఆలోచించుకున్నాను. పౌండు అద్దసేరైతే, దాని కిందిది పావుసేరు కాక మరేమిటి? అంటే రెండు ఔన్సులు కలిసి అద్దసేరు. ఇంత తేలిక లెక్కకు ఇంగ్లీషు పేర్లెందుకో అని నవ్వుకున్నాను కూడా. ఔన్సంటే పౌండులో పదహారో వంతేనని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా.

అంతటితో ఆగితే బాగుండేది. పక్కింటివాళ్ళకు కూడా పెట్టి మెప్పు పొందాలని అన్నీ రెట్టింపు చేశాను. రెండు కిలోల మైదాలో సేరు కల్లు! పిండి కలపడానికి నీళ్ళు దాదాపు అవసరమే రాలేదు. ఆహా, ఎంత పొదుపైన వంట అనుకున్నాను. పిండిని గంజులో, అదే పెద్ద గిన్నెలో, కుక్కి, తడిగుడ్డ కప్పి, ఇత్తడి పళ్ళెం మూతపెట్టి, దానిమీద కల్వం రాయి పెట్టి, వెనక గదిలో తలుపు పక్కన ఉంచాను.

ఆ గది సంగతి చెప్పాలి. మాకంటే ముందు ఆ క్వార్టరులో పోశన్న అనే గని కార్మికుడు ఉండేవాడు, అత్తమ్మ ఎరిగినవాడే, కల్లంటే ప్రాణం. ఆయాసంతో ఆ గదిలోనే మంచం పట్టి, అక్కడే పోయాడు. ఆయన భార్య రాజవ్వ అదే వరస చివర తమ్ముడి ఇంట్లో ఉంటోంది. మేము ఆ గదిలో కట్టెలూ బస్తాలూ పెట్టుకునేవాళ్ళం కాని, ఎవరమూ నడుం వాల్చేవాళ్ళం కాదు.

మధ్యాహ్నం చాందా ఎండ మీకు తెలియనిది కాదు. కుక్క కూడా నీడ విడిచి రాదు. నేను ముందు గదిలో కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి ఇల్లంతా పచ్చటి చీకటి. బయట దుమ్ముగాలి లేచి సూర్యుణ్ణి మింగేసింది. గాలి ఒక్కసారి ఆగింది. ఆ నిశ్శబ్దంలో వెనక గదిలోంచి వినిపించింది.

“హూ... ఫ్...”

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ “హూ... ఫ్...”

మంచంమీద అత్తమ్మ కళ్ళు తెరిచే ఉంది. “పోరీ, విన్నవా?”

“గాలి అత్తమ్మా.”

“గాలి ఆగింది బిడ్డా.”

అప్పుడే లోపల ‘టక్’మని చప్పుడైంది, మంచంమీంచి ఎవరో కాలు కింద పెట్టినట్టు. వెంటనే తలుపు సందులోంచి పుల్లటి కల్లు వాసన గుప్పుమంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి వేడిగా, నా చెయ్యి చల్లగా ఉన్నాయి.

“పోశన్ననే. గదే ఊపిరి. గదే కల్లు.”

నేనే కలిపిన కల్లు కదా, నాకు తెలియలేదా అంటారు. పిండి పొంగుతుందని అంతోని చెప్పాడు గాని, మూలుగుతుందని చెప్పాడా? అప్పటి నా బుర్రలో పిండి ఒక మూల, దయ్యం ఒక మూల ఉన్నాయి. రెండూ కలవలేదు. నేను వీధిలోకి పరుగెత్తి అరిచాను.

శాంతాబాయి వచ్చి ముక్కు మూసుకుంది. “అగ బాయీ! దారూచా వాస్!” అని, సారా వాసనని కేకేస్తూ మూడిళ్ళ అవతలికి దూకింది. ఆమె నోటికి ఆ దుమ్ములో కూడా క్వార్టర్లన్నీ కదిలాయి. మా ఆయన మల్లేశం గని లోపల ఉన్నాడు. ఉన్న మగవాళ్ళలో ఎవరూ ఆ తలుపు దగ్గరికి పోలేదు. “నువ్వు పో” అంటే “నువ్వు పో” అనుకుంటూ నిలబడ్డారు. ఎవరో రాజవ్వను పిలుచుకొచ్చారు.

ఆమె తలమీంచి కొంగు కప్పుకుని వచ్చింది. ఎవరినీ చూడలేదు. తిన్నగా ఆ తలుపు ముందు కూర్చుని చెవి పెట్టి వింది.

“హూ... ఫ్...”

“వచ్చినవా?” అంది మెల్లగా. “ఇంక గట్లనే ఉన్నదా నీ ఆయాసం?”

రాజవ్వ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

“నామీద కోపంతోటి వచ్చినవా? ఆఖరి దినం గుక్కెడు కల్లు పొయ్యమన్నవు. డాక్టరు వద్దన్నడని నేను పొయ్యలే. నువ్వు గోడ దిక్కు తిరిగి పన్నవు. మల్ల ఇటు తిరగలే. గప్పటి సంది నాకు బువ్వ పోతలేదయ్యా.”

లోపల్నుంచి దభేల్‌మని శబ్దం. ఇత్తడి పళ్ళెం బండమీద గుండ్రంగా దొర్లి, దొర్లి, ఆగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. రాజవ్వ మాత్రం కదల్లేదు. తలుపు కింది సందులోంచి తెల్లగా, మెత్తగా ఏదో వేలంత బయటికి వచ్చింది. కాస్త ఆగి మరింత వచ్చింది.

“చెయ్యి!” అన్నారెవరో.

అప్పుడు నా బుర్రలో రెండు మూలలూ కలిశాయి. అది మైదా!

నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది. పిండి నెమ్మదిగా అణిగిపోతుంది, పోశన్న వెళ్ళిపోయాడనుకుంటారు. కాని రాజవ్వ ఆ తెల్లటి దాని ముందు వంగి రెండు చేతులూ జోడించింది. నేను ముందుకెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను.

“రాజవ్వా, దండం పెట్టకు. గది పోశన్న కాదు. నా డబల్ రొట్టె.”

తలుపు తోశాను. గంజు నిండి, పొర్లి, నేలంతా పాకిన పిండి మధ్య పళ్ళెం, కల్వం రాయి పడి ఉన్నాయి. పిండిమీద బుడగ ఒకటి నిదానంగా లేచి, “హూ... ఫ్...” అని పగిలింది.

ఎవరూ నవ్వలేదు. అందరూ రాజవ్వను చూస్తున్నారు. ఆమె లేచి వెళ్ళి పిండిని వేలితో పొడిచింది. అది ఉసూరుమని కుంగిపోయింది.

“ఎంత కల్లు పోసినవే?”

“సేరు.”

“సేరా!” ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వింది. “గింత ఊపిరి మా ఆయనకు ఎన్నడుండె బిడ్డా! గింత ఉంటే ఇంక బతికే ఉంటుండె.”

అప్పుడు క్వార్టర్లన్నీ నవ్వాయి. ఆ నవ్వు నేను జానెడు జానెడుగా పెరిగిన ఎత్తంతా ఒక్కసారిగా కోసేసింది.

నేలమీది పిండి పారేశాం. గంజులో మిగిలినదాన్ని రాజవ్వే ఇసుక మీద కాల్పించింది. రొట్టెలు ఇటుకల్లా బరువు, చింతకాయల్లా పులుపు. అయినా అత్తమ్మ పాలలో నానబెట్టుకుని తిని ఆ సాయంత్రమంతా గురకపెట్టి నిద్రపోయింది. మేము ఆ గురకకు కూడా రెండుసార్లు ఉలిక్కిపడ్డాం.

రాజవ్వ వేడి రొట్టె ఒకటి తుంచి, సగం ఆకులో పెట్టి, వెనక గదిలో పోశన్న మంచం ఉండిన చోట పెట్టింది.

“డాక్టరు తాగుడు వద్దన్నడు గని, నములుడు వద్దనలే. తిను,” అంది గోడకేసి చూస్తూ. మిగతా సగం అక్కడే కూర్చుని తాను తినేసింది.

ఆ రోజే వేడి పొయ్యిమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. చెయ్యి కాలింది కాబట్టే ఆ ప్రమాణం ఇప్పటికీ నిలిచింది. ఈ జన్మలో ఇక నాకు తెలియని కొలతకు తెలిసిన కొలతతో చుట్టరికం కలపను, కలపను, కలపను.