ఖబూరాలో పది కిలోమీటర్లు

గురువారం డ్యూటీ ముగించుకుని ఘాలాలోని మా టైర్ల గోడౌన్ నుంచి బయటపడేసరికి సాయంత్రం అయిదున్నర. పొద్దుటి నుంచి ముసురు. ఘాలాలో వాన పడితే పారేది నీళ్లు కాదు, గ్యారేజీల్లోంచి కొట్టుకొచ్చే ఆయిల్ బురద. ఒమన్‌లో చలికాలమేమిటని మా ఊరివాళ్లు నవ్వుతారు. ఒక్క జనవరిలో వచ్చి మా సందులో నిలబడమనండి, తెలుస్తుంది. ఆ బురదలోనే నేనూ, మా రూమ్‌లోనే ఉండే రాజేశం అన్నా రెండు నెలలుగా పరిగెత్తుతున్నాం. బూట్లలోకి నీళ్లు దిగకుండా సాక్సుల మీద పాలిథిన్ కవర్లు చుట్టుకుని మరీ. నాకైతే పొట్ట తగ్గాలన్న సరదా. ఆయనకు అది బతుకు సంగతి.

రాజేశం అన్న ఊరు జగిత్యాల పక్కన పల్లె. సైట్‌లో షట్టరింగ్ కార్పెంటర్. కిందటేడు పరంజా మీది నుంచి పడి ఎడమ కాలు విరిగింది. అతుక్కున్నాక కూడా పైకి ఎక్కనివ్వకుండా కింద మేకులు ఏరే పనిలో పెట్టారు. మేకులు ఏరేవాడిని ఎక్కువ రోజులు ఉంచుకోరనీ, నేరుగా ఇంటికి పంపేస్తారనీ రూమ్‌లో అందరికీ తెలుసు. ఒకరోజు ఆయన మరీ బతిమాలుతుంటే మలయాళీ ఫోర్‌మన్ విసుక్కుని, "పహలే దస్ కిలోమీటర్ దౌడ్‌కే దిఖావో" అన్నాడట. పది కిలోమీటర్లు పరిగెత్తి చూపిస్తే అప్పుడు పైకి పంపుతానని. విన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఈయన నవ్వలేదు. ఆ రాత్రే నా మంచం దగ్గరికి వచ్చి, "తమ్మీ, పది కిలోమీటర్ల పందెం యాడ వెడ్తరు? ఉరికి, పతకం తెచ్చి వాని ముందర వెడ్త" అన్నాడు. బస్సులో దాదాపు మూడు గంటల దూరంలోని ఖబూరాలో ఊరివాళ్లు జనవరిలో ఒక శుక్రవారం పొద్దున పందెం పెడుతున్నారని తెలిసి ఇద్దరి పేర్లూ ఇచ్చాను.

బుర్జ్ సహ్వా బస్టాండులో ఏడు గంటల బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. చలికాలంలో ఈ దారిన వెళ్లేవాళ్లు పొడి చొక్కా ఒకటి చేతిసంచిలో ఉంచుకోండి. బయట వాన కొడుతున్నా బస్సులో ఏసీ మాత్రం ఆపరు. తడిబట్టలతో వణుకుతూ కూర్చున్న మమ్మల్ని చూసి, ముందు సీట్లోని ఆమె వెనక్కి తిరిగి తెలుగువాళ్లేనా అని అడిగింది. ఆమెది కడప జిల్లా, సువైక్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. మా ప్రయాణం సంగతి విని ముక్కున వేలేసుకుంది.

"ఈ వానలో ఏంటికన్నా పరిగెత్తేది? ఎవురన్నా తరుముకొస్తాండారా?"

"తరుముతుండు చెల్లె, మా ఫోర్‌మన్" అన్నాడు రాజేశం అన్న. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ప్రయాణంలో మేం నవ్వింది అదొక్కసారే.

బర్కాలో బస్సు పది నిమిషాలు ఆగింది. పరాటాలో గుడ్డు చుట్టించుకుని తిని, చాయ్ తాగాం. ఖబూరాలో దిగేసరికి పది దాటింది. అక్కడ ఖర్జూరపు తోటలో పనిచేసే పోచయ్య అని రాజేశం అన్నకు దూరపు చుట్టం ఉన్నాడు. తోట మూలన అతని రేకుల గదిలోనే మా బస. లాడ్జీ కోసం వెతక్కండి, ఆ చుట్టుపక్కల నాకైతే కనిపించలేదు.

పొద్దున ఏడింటికి సముద్రం ఒడ్డున పందెం మొదలైంది. అందరూ కలిపి అరవైమంది ఉంటాం. ఒడ్డు నుంచి కొండల వైపు అయిదు కిలోమీటర్లు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. ఎదురుగాలికి ఇసుకా చినుకులూ కలిసి మొహాన సూదుల్లా గుచ్చాయి. మధ్యలో రోడ్డు పల్లంలోకి దిగి ఒక వాదీని దాటుతుంది. ఏడాదంతా ఎండిపోయి ఉండే ఇలాంటి వాగుల్నే ఇక్కడ వాదీ అంటారు. వెళ్లేటప్పుడు అందులో పాదం తడిసేపాటి నీళ్లున్నాయి. తిరిగి వచ్చేటప్పటికి వాన పూర్తిగా ఆగింది, ఎండ కూడా వచ్చింది. రాజేశం అన్న కాలు ఆ రోజు ఎంత బాగా కదిలిందంటే, ఎనిమిదో కిలోమీటరు దాటాక నేను పాతిక గజాలు వెనకబడ్డాను. చూస్తూంటే సంతోషమేసింది. ఈయన గెలిచినట్టే అనుకున్నాను.

పల్లం దగ్గర ఒక ముసలి ఒమనీ పికప్ అడ్డంగా పెట్టి, "వాదీ నాజిల్! వాదీ నాజిల్!" అని అరుస్తున్నాడు. రాజేశం అన్న ఆగకుండానే వెనక్కి తిరిగి కేకేశాడు.

"దిగిపోయిందంటుండు తమ్మీ! జల్ది రా!"

వాళ్ల సైట్‌లో క్రేన్ కింద నిలబడే మిస్రీ, అంటే ఈజిప్టువాడు, రోజంతా అరిచే మాట అదేనని రాజేశం అన్న చెప్పేవాడు. నజ్జిల్, నజ్జిల్ అంటే బరువు కిందికి దించమని. వాదీ నాజిల్ అంటే వాగు దిగిపోయిందనే కదా. నాకూ అలాగే అర్థమైంది. ముసలాయన అడ్డుపడితే రాజేశం అన్న పక్కనుంచి తప్పుకుని పల్లంలోకి దిగాడు. నేను దిగబోతుంటే మాత్రం ముసలాయన నా చొక్కా రెండు చేతులా పట్టి వెనక్కి గుంజాడు. అప్పుడు వినబడింది, లారీలోంచి కంకర కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. మలుపులోంచి ఎర్రటి నీళ్లు ముళ్ల కంపల్నీ డ్రమ్ముల్నీ దొర్లించుకుంటూ వచ్చాయి.

రాజేశం అన్న నట్టనడుమ ఉన్నాడు. లోతు చూపించే స్తంభాన్ని కావలించుకున్నాడు. ఒక ఖర్జూరపు మొద్దు వచ్చి ఆయన నడుం కింద తగలడం కళ్లారా చూశాను. ఆయన అరుపు ఆ హోరులో నాకు వినబడలేదు. తెరిచిన నోరు మాత్రం కనబడింది. ఒమనీ కుర్రాళ్లు పికప్‌కు తాడు కట్టి నడుముల్లోతు నీళ్లలోకి దిగి ఆయన్ని లాక్కొచ్చారు. వాళ్ల రుణం తీర్చుకోలేం. పందెం అక్కడితో ఆపేశారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎడమ కాలే, పాత అతుకు దగ్గరే. కబురందుకుని పరుగున వచ్చిన పోచయ్య విషయమంతా విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఈడ వాదీ నాజిల్ అంటే వాగొస్తుందని అన్నట్టు. కొండల మీదినుంచి కిందికి దిగుతుందని. దిగిపోయుడు కాదే!"

రాజేశం అన్న ఆ మాట విని కళ్లు మూసుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నయినయ్ తమ్మీ?"

"ఎనిమిది దాటినయి అన్నా."

"పదని చెప్పు వానికి."

ఆయన్ని పోచయ్యకు అప్పగించి మధ్యాహ్నం మూడింటి బస్సెక్కాను. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లకపోతే నా పనీ పోతుంది. ఆ ఆలోచనకే సిగ్గేసింది, అయినా ఎక్కాను. ఖబూరా మంచి ఊరు, మనుషులు ఇంకా మంచివాళ్లు. చలికాలంలో అటు పరిగెత్తడానికి వెళ్లేవాళ్లు ఆకాశం కేసి చూసి లాభం లేదు, కొండల కేసి చూడండి. ఎవరైనా వాదీ నాజిల్ అంటే ఉన్నచోటే ఆగిపోండి.

సువైక్ దాటాక ఫోన్ మోగింది. ఫోర్‌మన్. రూమ్‌వాళ్లు చెప్పారట. కాలు సంగతి అడిగాడు, చెప్పాను.

"దస్ కిలోమీటర్ పూరా కియా?"

"పూరా కియా సాబ్. దస్."

"మైఁ తో మజాక్ కియా థా" అన్నాడు మెల్లగా. నేను తమాషాకి అన్నాను కదా అని.

"ఆ సంగతి ఆయనకు మీరు చెప్పలేదు సాబ్" అన్నాను. తెలుగులోనే అన్నాను. హిందీ నోటికి రాలేదు.