రాక్షసి సోంపు

మా ఆయన పోయాక నేను సింగపూరు సెంగ్‌కాంగ్‌లో మా అమ్మాయి ఫ్లాటుకి వచ్చేశాను. ఎదురింటావిడ నాతో బాగా కలిసిపోయింది. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. నేను చెల్లీ అంటాను, ఆవిడ అక్కా అంటుంది. ఓ ఆదివారం అన్నాలు తిని, మా అమ్మాయితో కలిసి ముగ్గురం అద్దాల తోటకి వెళ్ళాం. బయట మాడే ఎండ, లోపల వణికించే చలి. మధ్యధరా సముద్రం ఒడ్డున పెరిగే మొక్కలట, అందుకే వాటికంత చల్లదనం.

అక్కడొక మొక్క నన్ను ఆపేసింది. నాకన్నా ఎత్తు. చెరుకుగడంత కాడ, వెంట్రుకల్లాంటి ఆకు, పైన గొడుగులు విప్పినట్టు పసుపు పూలు. మా ఆయన పొలం గట్టు మీద సరదాకి వేసిన సోంపు ఇలాగే పూసేది.

"సోంపు!" అన్నాను.

"అలమాక్!" అంది చెల్లి. ఇక్కడివాళ్ళు అయ్యో అనడానికి అలా అంటారు. "సోంపు ఇంత ఎత్తా? కాదక్కా."

"నాకు చెప్తావా? నువ్వు సోంపుని డబ్బాలో తప్ప చూశావా?"

వాసన చూద్దామంటే చలికి ముక్కు దిబ్బడేసింది. కోస్తే జరిమానా. కింద రాలిన ఆకు రెమ్మ తీసి నోట్లో వేసుకున్నాను. తియ్యగా, ఘాటుగా, అచ్చం సోంపే!

బోర్డు చదువుతున్న మా అమ్మాయి అంది: "దీని పేరు జెయింట్ ఫెన్నెలమ్మా."

"అంటే?"

"రాక్షసి సోంపు. కానీ..."

"విన్నావా చెల్లీ!"

"కానీ పేరుకే సోంపు. ఇది ఇంగువ మొక్కకి చుట్టం. తింటే విషమని రాసుంది. నోట్లో ఏంటమ్మా అది?"

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. "అయిపోయిందే! నా ఆవకాయ జాడీ జాగ్రత్త."

"నాకిచ్చెయ్ అక్కా," అంది చెల్లి, కళ్ళు తుడుచుకుంటూనే.

"నీకా? తడి చెయ్యి పెట్టేస్తావ్. ఇవ్వను."

"ముందు నోరు తెరువమ్మా!" అని అమ్మాయి ఫోన్ లైటు వేసింది. చుట్టూ జనం మూగారు. నోటి నిండా సోంపు గింజలే! అన్నం తిన్నాక గుప్పెడు బుగ్గన పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రుచినే ఆకుకి అంటగట్టాను. ఆకు మాత్రం పంటి గాటైనా పడకుండా పై కట్టుడు పళ్ళకి అతుక్కుని ఉంది. నేను చెప్తుంటే ఈ కథ రాసిపెడుతున్న మా అమ్మాయి, ఇది కూడా రాయాలా అంటోంది. రాయవే.

అమ్మాయి ఆకు లాగేసి, సీసా నీళ్ళతో నోరు కడిగించింది. ప్రాణం లేచొచ్చింది.

"అది కాదే, ఇంగువకి చుట్టమైతే మన వంటింటి మనిషేగా? మరి విషమెందుకయింది?" అని అడిగాను.

ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని, ఇంకే మొక్క దగ్గరా ఆగనివ్వకుండా నన్ను ఎండలోకి లాక్కొచ్చారు.