కాటా గదిలో ఆమె రాసిన పలక

మంగళవారం పొద్దున లారీలు తూచే మా కాటా కంప్యూటరు మూడుసార్లు కూసింది. తెర నల్లగానే ఉంది. కంప్యూటర్లు బాగుచేసే రిపేరమ్మకు ఫోను చేశాను. ఆమె తమ్ముడు ఎత్తాడు. "అక్క లేదు పెద్నాయనా. నిన్న గుండెపోటుతో పోయింది" అన్నాడు. బయట పలకరాయి లారీ హారను కొడుతూనే ఉంది.

నాకు సంతకం, అంకెలు తప్ప చదువు లేదు. అయినా మార్కాపురంలో నా తూకానికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆ పేరు పోతుందని కిందటేడు ఒకసారి భయపడ్డాను. తూకం చీటీల మీద తేదీ ఏళ్లకేళ్లు వెనక్కి పడింది. దారిలో అధికారులు లారీని ఆపితే డ్రైవరు తిరిగొచ్చి, దొంగ చీటీ అని నలుగురిలో అరిచాడు. సరిచేస్తే మర్నాటికి మళ్లీ అంతే. లోపలి సెట్టింగులూ వాటంతట అవే మారేవి. ఇవాళ తేదీ, రేపు తూకం అనుకున్నాను. ఇది కంప్యూటరు దగ్గర కూర్చునే మా గుమాస్తా పనే అని తేల్చి, రేపటి నుంచి రావద్దన్నాను. ఇద్దరు పిల్లల తండ్రి. గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఆ మధ్యాహ్నం రిపేరమ్మ వచ్చి కంప్యూటరు పెట్టె విప్పింది. సాయంత్రం కరెంటు మెయిన్ ఎవరు దించుతారని అడిగింది. నేనే అన్నాను. మెయిన్ దించందే తాళం వెయ్యకపోవడం మా నాయన నేర్పిన పద్ధతి. వాచీలో వేసేలాంటి బిళ్ల బ్యాటరీ తీసి నా అరచేతిలో పెట్టింది. కరెంటు లేనప్పుడు తేదీని, సెట్టింగులను గుర్తుపెట్టుకునేది అదేనట. అది చచ్చింది. కొత్తది వేసింది.

"నువ్వు రోజూ మెయిన్ దించుతావు, అది రోజూ అన్నీ మరిచిపోతాది. దొంగను పట్టినా పెద్నాయనా, చూసుకో."

నేను తల ఎత్తలేదు. "రేపు రా" అన్నాను గుమాస్తాతో. అంతకన్నా మన్నించమని అడగడం నాకు రాదు.

అప్పట్లో కంప్యూటరు అప్పుడప్పుడు కూసేది కూడా. ఆ కూతకు కారణం వేరే. కంప్యూటరుకు జ్ఞాపకంలాంటి ర్యామ్ పట్టీల అంచుకు పలకరాయి దుమ్ము పట్టింది. బడిపిల్లల రబ్బరుతో రుద్దింది. ఒక్కో పట్టీ పెట్టి పరీక్ష నడిపితే ఒకదానికి తెర నిండా ఎర్రగీతలు. "ఇది రాసుకునేది ఒకటి, చెప్పేది ఒకటి. నమ్మగూడదు" అని పక్కన పడేసింది. కంప్యూటరును మూడుసార్లు ఆపి, మూడుసార్లు లేపితేనే ఆమె టీ ముట్టేది.

ఆ రోజు వెళ్లేముందు సరైన సెట్టింగులన్నీ బలపంతో పలక మీద రాసి మేకుకు తగిలించింది. ఫోనులో పెట్టుకుంటామని గుమాస్తా అంటే, "పలకలు కోసే ఊర్లో ఉండి ఫోనంటావేంది?" అని ఎగతాళి చేసింది. తర్వాత నావైపు తిరిగి, "కూత వస్తే దీంతో సరిచూడు. భయపడి ఏదీ నొక్కగాకు" అంది.

ఈ మంగళవారం ఫోను పెట్టేశాక మెయిన్ దించి, ఆ రబ్బరుతోనే పట్టీలు రుద్దాను. తెర లేచింది, కానీ పట్టీలు కదిలించినందుకేమో సెట్టింగులు మారాయని చూపించింది. గుమాస్తా తెర మీదివి చదివాడు. నేను పలక మీది అక్షరాల ఆకారాలు తెర మీదివాటితో పోల్చుకున్నాను. ఆఖరి వరస చెమ్మకు చెదిరిపోయింది.

"అంచనాగా దిద్దుదామా పెద్దయ్యా?" అన్నాడు.

"తాకొద్దు."

లారీని ఇంకో కాటాకు పంపాను. నా బతుకులో అదే మొదటిసారి.

ఇప్పుడు రోడ్డు మీద బండి పోయినప్పుడల్లా మేకు మీద పలక కదులుతుంది. నేను లేచి వెళ్లి, అక్షరాలకు చెయ్యి తగలకుండా దాని అంచు పట్టుకుని నిలబడతాను.