భుజం మీది తువ్వాలు

కాపురానికి వచ్చాక చాలా ఏళ్ళపాటు నేను మా మామగారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా మధ్య పోట్లాటేమీ లేదు. కోడలు మామ ఎదుట పడకూడదు, పడినా నోరు తెరవకూడదు. అరవైల మొదట్లో విడవలూరు పక్కన మా ఊళ్ళో, సేద్యం చేసుకునే ఇళ్ళలో, మర్యాదంటే అదే. ఇప్పటి పిల్లలకు చెబితే "ఎట్టా బతికినావు అవ్వా?" అని నవ్వుతారు. బతకడానికేం, నిక్షేపంగా బతికాం. మాటలు లేవన్నమాటే గానీ, ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాళ్ళు.

మామగారు పొలం నుంచి వచ్చి వాకిట్లో గొంతు సవరించుకునేవారు. అంటే నేను తలుపు చాటుకు పోవాలని. నేను పోయిందాకా, కాళ్ళకు మట్టి ఉన్నా లేకపోయినా, కడుక్కుంటూనే ఉండేవారు. అన్నం తింటూ పళ్ళెం పక్కన నేలమీద వేలితో తడితే పులుసులో ఉప్పు చాలలేదని. ఎప్పుడైనా ఖర్మకాలి ఎదురుపడితే ముఖం వీధివైపు తిప్పేసుకునేవారు. కొత్తల్లో నాకు ఒళ్ళు మండేది. ఏం, నా ముఖం చూడలేనంత చెడ్డగా ఉందా అని. ఆయన అట్లా నాకు దారి ఇస్తున్నారని తెలియడానికి చాలా కాలం పట్టింది.

మా అత్త నోరు గలదే. అయినా ఆమె కూడా మొగుడికేసి చూసి మాట్లాడేది కాదు, పంచలో ఉన్న స్తంభంతో మాట్లాడేది. "బెల్లం అయిపోయిందంట" అని స్తంభానికి చెబితే మర్నాటికి బెల్లం వచ్చేది. నామీద కోపమొస్తే మాత్రం స్తంభంతో పని లేదు. నాకు జడ వేసేటప్పుడు చూపించేది. కణతలు లాగేసేటట్టు బిగించిందంటే ఆ పూట నేనేదో తప్పు చేసినట్టే.

ఇక వీధి తిన్నె. మామగారు దానిమీద కూర్చున్నారంటే ఆడవాళ్ళకు వీధి వాకిలి లేనట్టే. నీళ్ళకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా, ఆయన ఇంట్లో లేకపోయినా, దొడ్డి దోవే. పెళ్ళినాడు కుడికాలు పెట్టి వీధి గడప దాటి లోపలికి వచ్చాను. మళ్ళీ ఆ గడప దాటి బయటికి పోయింది లేదు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. పనికి వచ్చేవాళ్ళు ఆయన్ని చూడగానే తమ భుజం మీది తువ్వాలు దించి చంకలో పెట్టుకునేవాళ్ళు. ఆయన మాత్రం ఎవరికీ దించేవారు కాదు. తాసిల్దారు జీపులో వచ్చి వాకిట్లో దిగినా దించలేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. దించింది ఒక్క బడి అయ్యవారికే. ఆ ముసలాయన గొడుగేసుకుని వీధిలో పోతుంటే మామగారు తిన్నె దిగి, తువ్వాలు చంకలో పెట్టుకుని, ఆయన మలుపు తిరిగిందాకా నిలబడేవారు. మామగారికి చదువు రాదు, వేలిముద్రే. ఆ బాధ ఆయనకు ఎంత ఉండేదో నేను తలుపు సందులోంచి చూసి తెలుసుకున్నాను.

నేను నెల్లూరులో మా మేనమామ ఇంట్లో ఉండి ఎస్సెల్సీ దాకా చదివాను. టీచరు కావాలని నాకు పిచ్చి. కాపురానికి వచ్చిన మరుసటి ఏడాది ట్రైనింగులో సీటు వచ్చిందని మా అన్న వచ్చి చెప్పిపోయాడు. సోమవారం చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఇంకో ఏడాది చూద్దామంటే అప్పటికి కడుపో కాన్పో వస్తుంది, ఇక అంతే సంగతులు. మామగారు ఊ అంటే గానీ ఆ ఇంట్లోంచి చెంబు కూడా బయటికి పోదు.

"నాయన్ని నువ్వే అడగాల" అన్నాను మా ఆయనతో.

"నేనా? నువ్వే అడగరాదా?"

"నేనడిగేదుంటే నిన్నెందుకు బతిమాలతా?"

మా ఆయన మంచివాడే. కానీ తండ్రి ముందు నిలబడితే కాలి బొటనవేలితో నేల గీకడం తప్ప ఏమీ చేతకాదు. పోయాడు, గీకాడు, తిరిగి వచ్చాడు.

చివరికి అత్తే పూనుకుంది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ స్తంభంతో అంది: "కోడలికి నెల్లూరులో అయ్యవారమ్మ చదువుకి సీటొచ్చిందంట. సోమవారం చేరాలంట. పోవాలనుండాదంట."

నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. మామగారి చెయ్యి పళ్ళెంలో ఆగింది. అత్త మజ్జిగ ముంత వంచబోతుంటే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి లేచారు. చెయ్యి కడుక్కుని అట్లాగే బయటికి వెళ్ళిపోయారు. మజ్జిగ పోసుకోకుండా ఆయన అన్నం ముందునుంచి లేవడం నేను కాపురానికి వచ్చాక అదే మొదలు.

"కోపమొచ్చిందిమే" అంది అత్త నీరసంగా.

ఆ మర్నాడూ, ఆ తర్వాతా ఆయన మధ్యాహ్నం ఇంటికే రాలేదు. వాకిట్లో గొంతు సవరింపు లేదు, పళ్ళెం పక్కన వేలి చప్పుడు లేదు. కాదని చెప్పడానికి అంతకంటే ఏం చెయ్యాలి? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మామగారిని అనలేను గనక గిన్నెల్ని ఎత్తెత్తి వేశాను.

"గిన్నెలేం చేసినాయిమే నిన్ను?" అంది అత్త. "వాటికి నోరుంటే ఏడ్చుండును."

"నాకు నోరుండీ ఏమి లాభమత్తా?"

ఆ సాయంత్రం అత్త నా జడ ఎంత మెత్తగా వేసిందంటే, మర్నాటికి సగం ఊడిపోయింది. దాంతో నాకు ఉన్న కాస్త ఆశా పోయింది.

ఆదివారం మా ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం వచ్చింది. తెల్లారి నాయన పొలానికి పోగానే దొడ్డి దోవన పోదామన్నాడు. రోడ్డుదాకా నడిస్తే నెల్లూరు బస్సు దొరుకుతుంది. బండికైతే దిక్కులేదు, కోతలప్పుడు విరిగిన చక్రం ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. సోమవారం మామగారు ఎద్దుల్ని తోలుకుని చీకటితోనే పోయారు. మేము ట్రంకుపెట్టె పట్టుకుని దొడ్డి తలుపు దగ్గరికి పోతే, తలుపుకు గడియ, దానికి అడ్డంగా నాగలి.

మా ఆయన ట్రంకుపెట్టె దించి దానిమీదే కూలబడ్డాడు.

"మీ మామే పెట్టినాడు, నేను చూసినా" అంది అత్త కళ్ళొత్తుకుంటూ. "నిన్ను పోనిచ్చేట్టు లేడు తల్లీ. పెట్టె లోపల పెట్టుకో."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. అన్నం మానేసి చెప్పారు, సరే. ముఖం చాటేసి చెప్పారు, సరే. పశువుకు అడ్డం పెట్టినట్టు నాకు నాగలి అడ్డం పెడతారా? మర్యాదా లేదు, మన్నూ లేదు, ఈ పొద్దు పొలానికైనా పోయి ఆయన ముఖం మీదే అడుగుతాననుకున్నాను. "మామా, నేనేం తప్పు చేసినా?" అని మాట కూడగట్టుకుని, నడవ దాటి, పంచ దాటి, వీధి గడప మీదికి వచ్చి ఆగిపోయాను.

వీధిలో, సరిగ్గా వాకిలికి ఎదురుగా, బండి కట్టి ఉంది. చక్రానికి కొత్త కొయ్య ఆకులు, కొత్త ఇనుప పట్టా. లోపల గడ్డి పరిచి, గడ్డి మీద పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తియ్యని జంబుఖానా పరిచి ఉంది. మామగారు తిన్నె మీద కూర్చుని ఉన్నారు.

నన్ను చూసి ఆయన లేచారు. తిన్నె దిగి వీధిలో ఒక పక్కగా నిలబడ్డారు. ముఖం ఎప్పటిలాగే అటువైపు తిప్పుకున్నారు. చెయ్యి మాత్రం భుజం మీదికి పోయింది. తువ్వాలు దిగింది, చంకలోకి పోయింది.

తెచ్చుకున్న మాట అడగనేలేదు. ఆ గడప దాటి, ఆయన ముందునుంచి నడిచి, బండి ఎలా ఎక్కానో నాకే తెలియదు. వెనకాలే మా ఆయన ట్రంకుపెట్టె తెచ్చి లోపల పెట్టి, పగ్గాలు పట్టుకున్నాడు.

"చక్రం వడ్రంగి కాడికి తీసకపోతుంటే, ఎరువు తోలేదానికేమో అనుకున్నానే" అన్నాడు బండి కదిలాక. "అన్నం ముందర్నించి లేచిన పొద్దు గూడా ఆడికే పోయుంటాడు. సోమవారానికి కావాలని ఆడే కూసోని చేయించుంటాడు."

నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను. బండి మలుపు తిరిగిందాకా ఆయన అట్లాగే నిలబడి ఉన్నారు, తువ్వాలు చంకలోనే ఉంది. అప్పటికి నేను ఎవరికీ ఒక్క అక్షరం కూడా నేర్పలేదు.