పన్నెండు మంది చెప్పిన ఒకే జవాబు

పెనుకొండ పక్క పల్లెలో ఐదో తరగతి, పెనుకొండలో పదో తరగతి చదివిన జయరాముడు పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరాడు. సిపాయిగా వెళ్లి సుబేదారుగా తిరిగొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. సియాచిన్ మంచు రెండుసార్లు, కాశ్మీరం మూడుసార్లు చూశాడు. ఛాతీ మీద ఏడు పతకాలు. ఊరి బడికి ప్రహరీ కట్టించింది ఆయనే. పొద్దున్నే పరుగు నేర్పి పద్నాలుగు మంది ఊరి పిల్లల్ని సైన్యంలోకి పంపిందీ ఆయనే. మా తాలూకాలో ఇంతటివాడు ఇంకొకడు లేడని చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

అలాంటి మనిషి కిందటేడు ఒక పొరపాటు చేశాడు. చేసింది కూడా నిటారుగా నిలబడే చేశాడు.

హిందూపురంలో మాజీ సైనికుల సంఘం నెల మొదటి ఆదివారం కూడుతుంది. ఆ నెల బెంగళూరు నుంచి పవిత్ర అనే పరిశోధకురాలు వచ్చింది. కదిరి పిల్లే. ఒకే పేలుడులో చిక్కిన ఇద్దరిలో ఒకడు దాన్ని మరిచి మామూలుగా బతుకుతాడు. ఇంకొకడిని ఆ భయం ఏళ్ల తరబడి వదలదు. ఆ జబ్బునే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. ఈ తేడాలో పుట్టుకతో వచ్చే జన్యువుల పాలు ఎంత అన్నది ఆమె వెతుకులాట. ఒక్కొక్కరూ చిన్న గొట్టంలో ఉమ్మి ఇవ్వాలి, ఇరవై ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పేర్లు బయటికి రావు. బాధ ఉందని తేలినవారిని ఆసుపత్రికి పంపిస్తారు.

“ఒక్కొక్కరే లోపలి గదిలోకి రండి సార్,” అందామె.

“మాలో మాకు దాపరికమేందమ్మా? ఈడనే అడుగు,” అన్నాడు జయరాముడు.

సైన్యంలో ఏ పనికైనా పై ర్యాంకువాడే ముందు. సంఘంలో కుర్చీలూ ఆ వరసలోనే పడతాయి. జయరాముడు లేచి నిలబడ్డాడు. పీడకలలు వస్తాయా? శబ్దానికి ఉలిక్కిపడతారా? ఇరవై ప్రశ్నలకూ ఆయన “ల్యాదు” అన్నాడు. తరువాత పదకొండు మందీ అదే పాట పాడారు. చివర కూర్చున్న చంద్రప్ప కూడా.

చంద్రప్పది చిలమత్తూరు. కాశ్మీరంలో మందుపాతర పేలినప్పుడు అతనూ జయరాముడూ ఒకే లారీలో ఉన్నారు.

బయట చంద్రప్ప భార్య కొండమ్మ జయరాముణ్ని ఆపింది.

“ఏమన్నా, చిలమత్తూరు నుంచి ఈడికి మూడు బస్సులు మారినాం. ఎందుకో తెలుసునా? సీటు కింద ఎవురిదో తెలీని సంచి కనపడితే ఈయప్ప దిగేస్తాడు. నన్నూ దించుతాడు.”

“నాతో ఎప్పుడూ చెప్పలేదే!”

“నీకెట్ల చెప్తాడు? నువ్వు సాబువి, పై ర్యాంకోడివి. నువ్వు ల్యాదంటే ఆయప్ప ఉండాదంటాడా? ఆసుపత్రికి పోదాం రమ్మని ఆర్నెల్లు బతిమాలి పిల్చుకొస్తి. ఒక్క మాటతో అంతా చెడగొడ్తివి.”

చంద్రప్ప దూరంగా నిలబడి తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

సోమవారం పవిత్ర ఫోన్ చేసింది. “పన్నెండు కాగితాలూ ఒకటే సార్. ఎవరికి బాధ ఉందో, ఎవరికి లేదో తెలియకుంటే ఏ తేడా అని వెతికేది? వచ్చే ఆదివారం ధర్మవరంలో ఉంటాం. అందరూ మళ్లీ వస్తారా?”

సరేనన్నాడు గానీ వారమంతా జయరాముడు ఆ ఊరి పేరే తలుచుకున్నాడు. ధర్మవరంలో ఆయన కూతురు గంగాదేవి ఇల్లుంది. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. తొమ్మిదేళ్లుగా ఆయన ఆ ఇంట్లో ఒక్క పూట కూడా నిలవలేదు. ధర్మవరం నీళ్లు పడవని అందరికీ చెప్పేవాడు. మగ్గం టకటకమన్నప్పుడల్లా తన వీపు గోడను వెతుక్కుంటుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఏడు పతకాల మనిషి పిరికివాడని తాలూకా అంతా అనుకుంటుంది. చెప్పకపోతే చంద్రప్ప ఎప్పటికీ నోరు విప్పడు.

ఆదివారం ధర్మవరంలో ఒక బడి గదిలో పన్నెండు మందీ పాత వరసలోనే కూర్చున్నారు. వెనక గోడ పక్కన కొండమ్మ నిలబడింది. జయరాముడు లేచాడు.

“అమ్మా, పోయినసారి నేను చెప్పింది అబద్ధం. శబ్దమంటే నాకు భయముండాది. మగ్గాల మోతకు కూతురింట్లో ఉండలేను.”

 నాయక్ ర్యాంకులో రిటైరైన వెంకటేశ్వర్లు చెయ్యెత్తాడు. “సాబ్, అయితే ఇప్పుడు మేమంతా ‘ఉండాది’ అనల్లా?”

గదంతా నవ్వింది. జయరాముడు నవ్వలేదు.

“అదే వద్దంటాండా. పోయినసారి నన్ను జూసి చెడితిరి. ఒక్కొక్కడే లోపలి గదిలోకి పోండి, ఎవురిది వాళ్లు చెప్పుకోండి. ఇది ఆర్డరు. వరస తిరగెయ్యండి. చంద్రప్పా, నువ్వు ముందు.”

అందరికంటే చిన్న ర్యాంకువాడు ముందు నడవడం ఆ సంఘంలో అదే మొదలు. చంద్రప్ప తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. “పో,” అంది కొండమ్మ.

ఇరవై ప్రశ్నలంటే పది నిమిషాల పని. అరగంట గడిచినా తలుపు తెరుచుకోలేదు.

“అంతసేపు ఏం చెప్తాండాడు సాబ్?” అన్నాడు వెంకటేశ్వర్లు.

“అది మనకు అక్కర్లేదప్పా,” అని జయరాముడు కుర్చీ లాక్కొని వరస చివర కూర్చున్నాడు.