ఏడో గుంత ఆసామి

గూడెం కొత్తవీధి మండలంలో, పనసగరువు కొండవాలున, డెబ్బై రెండు ఎకరాల ఆసామి సుక్రు. రోజూ పొద్దున్న ఏడింటికి తన భూమి గేటు దగ్గర ఆగి, రిజిస్టరులో సంతకం పెట్టి, టిఫిను డబ్బా మూత తీసి వాచ్‌మన్‌కు చూపించి లోపలికి వెళ్తాడు. గోల్ఫ్ ఆడటానికి వచ్చినవాళ్ళ కర్రల సంచులు మోయడం అతని ఉద్యోగం.

ఇందులో తికమక ఏమీ లేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని చట్టం ఉంది. మంచి చట్టం. మైదానం నుంచి వచ్చిన రిసార్టు పెద్దలు ఆ చట్టాన్ని ఎంతగా గౌరవించారంటే, ఒక్క సెంటు కూడా తమ పేరున రాసుకోలేదు. అంతా గిరిజనుడైన సుక్రు పేరున రాయించి, సుక్రును పనిలో పెట్టుకున్నారు. దీన్ని బినామీ అంటారు. కొండ కింద ఇది నేరం, కొండ మీద అభివృద్ధి.

సంతకాల రోజున సుక్రు ఒక్కటే అడిగాడు. కొండవాగు, అదే గెడ్డ, అవతల ఉన్న తన ఎకరన్నర చేను తనే దున్నుకుంటానన్నాడు. వాలు ఎక్కువ, రాళ్ళు ఎక్కువ, దేనికీ పనికిరాదని వాళ్ళు సరేనన్నారు. ఆ ఎకరన్నరలో పండే చోళ్ళే, అంటే రాగులే, అతని ఇంట్లో ఏడాది పొడవునా అంబలి.

తర్వాత విదేశం నుంచి ఒక నిపుణుడు దిగి పద్దెనిమిది గుంతలు గీశాడు. కర్రతో చిన్న తెల్లబంతిని కొట్టుకుంటూ పోయి వాటిలో వెయ్యాలి, అంతే ఆట. ఏడోదానికి మాత్రం బంతి కొట్టే చోటు ఈ కొండ మీద, గుంత ఆ కొండ మీద పెట్టాడు. మధ్యలో గెడ్డ, సుక్రు చేను. పొద్దు పది దాటితే గెడ్డలోంచి గాలి లేస్తుంది. ఎగిరిన బంతి ఆ గాలికి ఆగి, కాసేపు ఆలోచించి, చోళ్ళలో పడుతుంది. పడ్డది ఇక దొరకదు. రిటైరైన పెద్ద ఆఫీసరొకాయన పదిహేడు బంతులు పోగొట్టుకుని, చివరికి కర్రనే వాటి వెంట విసిరాడు. అదీ చోళ్ళలోనే పడింది.

క్లబ్బు గోడ మీద ప్రపంచంలోకెల్లా కష్టమైన గుంతల ఫొటోలుంటాయి. చుట్టూ నీళ్ళున్న గుంత, సముద్రపు పాయ మీదుగా కొట్టాల్సిన గుంత, హెలికాప్టర్‌లో కొండెక్కి కొట్టాల్సిన గుంత. వాటి మీద దుమ్ము తుడిచేది సుక్రే. కొట్టడానికి హెలికాప్టర్ ఎక్కేవాళ్ళుంటే, పురిటినొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసే ఊళ్ళు ఈ కొండల్లోనే ఉన్నాయి. ఆ ఫొటోలు ఏ గోడ మీదా లేవు.

కార్తీకంలో చోళ్ళు కోతకొచ్చాయి. అప్పుడే మేనేజరు దుర్గాప్రసాద్ సుక్రును పిలిచాడు. ఒక గోల్ఫ్ పత్రిక కష్టమైన గుంతల కొత్త జాబితా వేస్తోంది, చూడటానికి హైదరాబాదు నుంచి మనిషి వస్తోంది.

"ఇరవై రోజులు కోత ఆపు."

"పండిపోయింది బాబూ. మంచుకి నాని కంకులు రాలిపోతాయి. సిలకలు సగం తినెత్తన్నాయి."

"కోసేస్తే గుంత తేలికైపోతుందిరా. నీ పంటే దాని కష్టం."

"నా పంట నాకూ కట్టమే బాబూ. కొయ్యకపోతే ఇంకా కట్టం."

"కంపెనీ భూమిలో కంపెనీ మాట వినాలి," అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చి చెబితే భార్య నీలవేణి చేట కింద పెట్టింది.

"కాయితంలో ఎవులి పేరుంది?"

"నాదే."

"మరి కంపెనీ భూమంటాడేటి?"

"భూమి ఆలదే. పేరు నాది."

"అంబలి ఎవులిది?"

సుక్రు పొయ్యి మీది కుండకేసి చూశాడు.

"రేపు ఊరోలికి కబురెట్టు. బేగి కోసీకపోతే ఈ ఏడు ఆల బంతులు ఉడకెట్టుకు తినాలి."

"పనిలోంచి తీసెత్తారే."

"తీసెత్తే తీసెత్తారు. డెబ్బై ఎకరాల ఆసామివి, ఇంటికాడ కూకో."

పనసగరువులో కోత ఒక్కరి పని కాదు. కబురు పెడితే ఇంటికొక మనిషి సాయానికి వస్తారు. పెట్టిన కబురు వెనక్కి తీసుకోవడం లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కోత నడిచే చేలోకి గట్టు దాటి వచ్చిన మనిషి ఎవరైనా సరే కొడవలి పట్టాలి. ఊరికే నిలబడితే పంటకు దిష్టి.

పద్దెనిమిది మంది చేలోకి దిగిన రోజునే పత్రిక మనిషి అనురాధ వచ్చేసింది, చెప్పిన తేదీకి రెండు వారాల ముందు. చెప్పిన తేదీకే వస్తే గుంతలకు మేకప్ వేస్తారట. ఆమె సంచి మొయ్యాల్సింది సుక్రు. భార్య అక్కడ కోస్తుంటే, తను ఇక్కడ కర్రలు అందిస్తూ నిలబడ్డాడు. దుర్గాప్రసాద్ అవతలికి పరిగెత్తి, తలలు కనబడకుండా కూర్చోమని గట్టు మీంచి అందరినీ బతిమాలి వచ్చాడు. వాళ్ళు కూర్చున్నారు, కూర్చునే కోశారు. ఇటు నుంచి చూస్తే మనిషన్నవాడు లేకుండా పంట తనంతట తనే తగ్గిపోతోంది.

"ఆ చేను కదులుతోందేమిటి?" అంది అనురాధ.

"గాలి, మేడం," అన్నాడు మేనేజరు.

ఆమె కొట్టింది. బంతి ఆగింది, ఆలోచించింది, చోళ్ళలో పడింది. ఆమె గెడ్డ దాటి, గట్టెక్కి చేలోకి దిగింది. వెనక సంచితో సుక్రు.

"ఏటమ్మా ఎతుకుతన్నావు?" కంకుల మధ్య నుంచి ముసలి సోములమ్మ తలెత్తింది.

"బంతి అవ్వా. తెల్లది."

"అదెక్కడికి పోద్ది. ముందిది అట్టుకో." చేతిలో కొడవలి పెట్టింది.

అనురాధ వెనక్కి తిరిగింది. "సుక్రు గారూ, ఇది రూల్సులో ఉందా?"

"మా దాంట్లో ఉందమ్మా."

"సుక్రుగోరంట," అంది సోములమ్మ పక్కవాళ్ళతో. "ఎవులే ఆ బాబు?"

"బంతి వెతకడానికి మూడు నిమిషాలే టైము," అంది అనురాధ.

"కోతయ్యేసరికి పొద్దుగూకుద్దమ్మా," అన్నాడు సుక్రు. సంచి గట్టు మీద దించి తనూ కొడవలి అందుకున్నాడు. అందుకున్నాక గానీ ఉద్యోగం గుర్తుకు రాలేదు.

ఆమెను బయటికి లాక్కుపోదామని దుర్గాప్రసాద్ గట్టు దాటాడు. సోములమ్మ గంప చూపించింది.

"నేను మేనేజర్ని."

"అయితే పెద్ద గంప మొయ్యి బాబూ."

అనురాధ చూస్తుండగా కాదనలేక మోశాడు. సాయంత్రానికి చేను నున్నగా అయింది. చోళ్ళు కళ్ళానికి చేరాయి. అడుగున గంపన్నర బంతులు, ఆఫీసరు గారి కర్ర దొరికాయి. అనురాధ తన బంతి గుర్తుపట్టి, మోళ్ళలోంచి కొట్టి, నాలుగు దెబ్బల్లో గుంతలో వేసి, దెబ్బల లెక్క రాసే చీటీ తీసింది.

"కొడవలి దెబ్బలు లెక్కలోకి వస్తాయా, సుక్రు గారూ?"

"ఎయ్యండమ్మా. అయ్యీ ఈ గుంతలోయే."

మర్నాడు వాచ్‌మన్ సుక్రు టిఫిను డబ్బా చూడలేదు, గేటే తియ్యలేదు. అతిథి చేత కూలిపని చేయించినందుకు ఉద్యోగం పోయింది. తన డెబ్బై రెండు ఎకరాల బయట కాసేపు నిలబడి, అతను ఇంటికెళ్ళి చోళ్ళు నూర్చాడు.

కొత్తల పండగ రోజున, ఊరంతా తొలి అంబలి తాగుతుండగా, దుర్గాప్రసాద్ నడుచుకుంటూ వచ్చాడు. పత్రిక ఏడో గుంతకు మొదటి స్థానం ఇచ్చింది. చేను, చేనుగలవాళ్ళు, వాళ్ళ కట్టుబాటు ఉన్నంతకాలమే ఆ స్థానమని కింద రాసింది.

"పనిలోకి రా సుక్రూ. వచ్చే ఏడూ చోళ్ళే వెయ్యాలి. కోత రోజున ఆట ఆపేస్తాం. ఇంకేం కావాలి?"

నీలవేణి అడ్డాకు దొప్పలో అంబలి పోసి మేనేజరు చేతికిచ్చింది. సుక్రు ఆమె వైపు ఒకసారి చూసి, తన దొప్ప కింద పెట్టాడు.

"ఆ ఎకరన్నరా నాకు రాసియ్యండి బాబూ."

దుర్గాప్రసాద్ నవ్వాడు. "అది నీ పేరునే ఉంది కదరా."

"డెబ్బై రెండెకరాలూ నా పేరునే ఉన్నాయి బాబూ. అందుకే అడుగుతన్నాను."

మేనేజరు దొప్పను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చల్లారకముందే తాగమంది నీలవేణి.